అంతరిక్షానికి లిఫ్టు: సాధ్యమేనా?

స్వాతి_కె: జపాన్‌లోని ఒబయాషి నిర్మాణ సంస్థ 2050 నాటికి అంతరిక్షానికి లిఫ్టు కట్టాలన్న ప్రణాళికను 2012లో ప్రకటించింది. 96,000 కి.మీ. తాడు, దాన్ని పట్టుకుని పైకి పాకే పెట్టె. 36,000 కి.మీ. ఎత్తుకు వారం రోజుల ప్రయాణం. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఇది సాధ్యమేనా అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

నానోగీత: సాధ్యమే అని చెప్పండి. భూమధ్యరేఖకు పైన 35,786 కి.మీ. ఎత్తులో కక్ష్యలో ఉన్న వస్తువు భూమితో సమానంగా తిరుగుతుంది. అక్కడి నుంచి ఒక కొస కిందికి, ఇంకో కొస పైకి వదిలితే తాడు తనంతట తానే బిగిసి నిలబడుతుంది. రష్యన్ ఇంజినీరు యూరీ అర్త్సుతానోవ్ 1960లోనే ఇది రాశాడు. చిక్కంతా తాడు బరువుతోనే. లెక్క కడితే, నేల మీది గురుత్వాకర్షణలో 5,000 కి.మీ. తాడును వేలాడదీసినంత భారం. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే కెవ్లార్ పోగు అయితే 250 కి.మీ. దగ్గరే తన బరువుకే తెగుతుంది. కార్బన్ నానోట్యూబులకు, అంటే కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నని గొట్టాలకు, ఆ సత్తా ఉంది. 2018లో చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయం వాళ్లు సెంటీమీటర్ల పొడవున్న కట్టల్లో 80 గిగాపాస్కల్స్ (తెగకుండా ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పే కొలత) బలం చూపించారు.

పాలమూరు_బోరు: కావాల్సింది 96,000 కిలోమీటర్లు, చేతిలో ఉన్నది సెంటీమీటర్లు. ముడి ఎక్కడ వేస్తారు? మూడేళ్ల కింద మా బోరులో మోటారు దించుతుంటే నైలాన్ తాడు తెగింది. కొత్త తాడు. అర టన్ను మోస్తుందని దుకాణంలో ఘంటాపథంగా చెప్పారు. మోటారు, పైపు, కేబులు అన్నీ 420 అడుగుల బోరులో పడిపోయాయి. తాడు బలమంటే ముడి బలమే.

మగ్గం_రాజు: పత్తి పింజ పొడవు అంగుళం పైచిలుకే. వడికితే ముడి లేకుండా ఎంత పొడుగు నూలైనా వస్తుంది. ఇవీ అట్లా వడకొచ్చు కదా?

నానోగీత: రాజు గారూ, నా పని సరిగ్గా అదే. పత్తి పోగులను మెలి వేస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నానోట్యూబులు నున్నగా ఉంటాయి, లాగితే జారిపోతాయి. పోగు తెగకముందే దారం విడిపోతుంది. అందుకే ఒక్కో పోగునే పొడుగ్గా పెంచాలని చూస్తున్నారు. 2013లో అర మీటరు దాటించారు.

వెంకట్_డాలస్: రాకెట్లే తిరిగొచ్చి దిగుతున్నాయి. ఇంక లిఫ్టుతో పనేముంది?

పాలమూరు_బోరు: గీత గారూ, జారిపోతాయని మీరే అంటున్నారు. మరి మొదటే 'సాధ్యమే' అని ఎట్లా రాశారు? బలమైన తాడు తెచ్చినవాళ్లకు బహుమతి అని నాసా ఏళ్ల తరబడి పోటీ పెడితే ఒక్కరూ గెలవలేదు.

నానోగీత: అదే నాసా పెట్టిన ఇంకో పోటీలో, 2009లో, హెలికాప్టర్‌కు వేలాడదీసిన తీగ మీద లేజర్ వెలుగును కరెంటుగా మార్చుకుంటూ ఒక యంత్రం 900 మీటర్లు పాకింది. ఆ బహుమతి ఇచ్చారు. మీకు ముడి ఒక్కటే కనిపిస్తోంది. నేను ఆరేళ్లు ఈ పోగుల మీద కూర్చున్నాను. 'ఎప్పటికీ పనికిరాదు' అని ఒక కమిటీ ఒక్క వాక్యం రాసింది, మా గ్రాంటు పోయింది. ఇద్దరు పిల్లలు పీహెచ్‌డీ మధ్యలో వదిలేశారు. ఆ మాట అనడం ఎవరికైనా తేలికే.

పాలమూరు_బోరు: మీకు గ్రాంటు పోయింది. మాకు పంట పోయింది. మోస్తుందన్నవాడు ఒక్క రూపాయి ఇవ్వలేదు. నాన్న అప్పు చేసి ఇంకో మోటారు తెచ్చాడు. నేను సైన్సుకు అడ్డం కాదు. మోస్తుందని చెప్పేవాళ్లు ఎంతవరకు తెలుసో, ఎక్కడి నుంచి తెలియదో కూడా చెప్పాలి. వినేది తొమ్మిదో తరగతి పిల్లాడైనా సరే.

నానోగీత: అది ఒప్పుకుంటాను. 'ప్రకృతి అడ్డు చెప్పడం లేదు, తాడు మాత్రం ఇంకా లేదు' అని రాయాల్సింది. ఒకటి అడుగుతాను. మీ తాడు ముడి దగ్గరే తెగిందా?

పాలమూరు_బోరు: ఇప్పుడే నాన్నకు ఫోన్ చేశాను. చేతిలో మిగిలిన కొస ఇంకా కొట్టంలోనే ఉందట, ఫోటో పంపాడు. ముడి వేసింది రెండొందల అడుగుల దగ్గర. తెగింది పైన, కేసింగ్ అంచుకు ఒరుసుకున్న చోట. పోగులన్నీ కుచ్చులా చిట్లి ఉన్నాయి. ముడి సరిగా వేయలేదని మూడేళ్లుగా నాన్ననే అంటున్నాను. మీ తాడుకు ఒరిపిడి ఎక్కడుంటుంది?

నానోగీత: కింది కక్ష్యల్లో. అక్కడి ఆక్సిజన్ పరమాణువులు కార్బన్‌ను తినేస్తాయి. ఒబయాషి వాళ్లు 2015లో నానోట్యూబు నమూనాలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట పెట్టి చూసింది ఇలాంటి దెబ్బ గురించే. ఉపగ్రహాల శకలాలు వచ్చి తగలడం ఇంకో బాధ. ఆ ఫోటో ఇక్కడ పెడతారా? చిట్లిన తీరు చూడాలి.