అక్టోబర్ 31 పిల్లల హాలోవీన్: హాలు వద్దు, ఇంట్లోనే చేద్దాం

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. 2026లో హాలోవీన్ శనివారం పడింది. దీపావళి నవంబర్ 8, ఆదివారం. మధ్యలో ఒక్క వారమే. హాలు, స్టేజీ, సౌండు, డబ్బు అన్నీ దీపావళికే సరిపోతాయి. అందుకని పిల్లల పార్టీ ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మనవాళ్ళ ఇంట్లో పెట్టుకుందామని నా ఆలోచన.

టైమ్ మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదున్నర. దీని మీద మాత్రం నేను పట్టు విడవను. ఆ రోజు ఇక్కడ పొద్దు గూకేది ఆరున్నర దాటాక. పిల్లలకి అసలు సరదా పొద్దుగూకాక బకెట్టు పట్టుకుని క్యాండీ కోసం వీధిలో ఇల్లిల్లూ తిరగడం. పోయినసారి మనం ఏడున్నర దాకా లాగాం. నలుగురు పిల్లలు వేషాలేసుకుని కిటికీ దగ్గర నిలబడి, ఎదురింటి పిల్లలు క్యాండీ తెచ్చుకుంటుంటే చూస్తూ ఉండిపోయారు. ఆ మొహాలు నాకింకా గుర్తే.

ఇంకొకటి. ఆ రాత్రే ఇక్కడ చలికాలం టైమ్ మొదలు, గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి, టైములు కలగాపులగం అవుతాయి. ఆదివారం పొద్దున్నే వచ్చి సర్దుదాం అని ఎవరూ అనకండి. శనివారమే ఊడ్చేసి వెళ్దాం.

హోస్ట్:
మా ఇంట్లో ఓకే అక్కా. కానీ పాతికమంది పిల్లలు దాటితే నా వల్ల కాదు. "మా చుట్టాల పిల్లలిద్దరు వస్తారు" అని చివరి నిమిషంలో ఫోన్లు చెయ్యొద్దని గ్రూప్‌లో నువ్వే చెప్పాలి, నేను చెబితే బాగుండదు. మేడ మీదికి ఎవరూ ఎక్కకుండా మెట్లకి అడ్డం కడతాను. పార్టీ అంతా కింది హాల్లోనూ బ్యాక్‌యార్డ్‌లోనూ.

అన్నట్టు, మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. సంగతి చెప్పగానే "దీపావళి ముందు ఇంటికి దయ్యాల్ని పిలుచుకోవడమేంటమ్మా" అన్నారు. గుమ్మం ముందు గుమ్మడికాయలకి కళ్ళూ పళ్ళూ పెట్టి వరసగా పేర్చిన ఫోటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది మన దిష్టిబొమ్మే కదా" అని మెత్తబడ్డారు. ఇప్పుడు ఆవిడే డెకరేషన్ ఎలా ఉండాలో చెబుతున్నారు.

ఆటలు చూసే అన్న:
అత్తయ్యగారి మాటే మనకి ఐటెం. పిల్లలందరికీ తలా ఒక చిన్న గుమ్మడికాయ ఇద్దాం, దాని మీద దిష్టిబొమ్మ గీయాలి. కోరలు, బుర్ర మీసాలు, ఇంతేసి గుడ్లు. ఊళ్ళో కట్టుబడి జరిగే ప్రతి ఇంటి మీదా వేలాడే ఆ రాక్షసుడి ఫోటోలు రెండు మూడు ప్రింట్ తీసి గోడకి అంటిస్తాను. మార్కర్లు, యాక్రిలిక్ రంగులు చాలు. కత్తులు వద్దు. ఒకటి, పిల్లలు. రెండు, ఈ టెక్సస్ వేడికి కోసిన కాయ నాలుగు రోజులు కూడా ఆగదు, బూజు పట్టి కూలబడుతుంది. కోయకుండా రంగు వేస్తే దీపావళి దాకా గుమ్మంలో ఉంటుంది.

రెండో ఆట, అట్టపెట్టెలకి చెయ్యి పట్టేంత కన్నం పెట్టి లోపల ఏముందో తడిమి చెప్పడం. ఇక్కడివాళ్ళు ఉడికించిన స్పఘెట్టీ పెడతారు. మనకి అంతకన్నా జిగటగా ఉండేవి చాలా ఉన్నాయి. నానబెట్టిన సగ్గుబియ్యం కప్ప గుడ్లు. ఉడికించి చల్లార్చిన సేమియా వానపాములు. పులిసిన ఇడ్లీ పిండి ఏమిటనేది పిల్లల ఊహకే వదిలేద్దాం.

పొగ కోసం డ్రై ఐస్ తెద్దామని ఒకరు అడిగారు. వద్దండీ. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు, ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. తలుపులేసిన గదిలో ఆ గ్యాస్ నిండడం ఇంకా ప్రమాదం.

ఫుడ్ చూసే వదిన:
నేను ఒక్కటే విషయం గట్టిగా చెబుతాను, అలెర్జీ. ఈసారి వచ్చేవాళ్ళలో పల్లీలు పడని పిల్లలు ఇద్దరు, నువ్వులు పడని బాబు ఒకడు. పోయినేడాది అందరికీ మెసేజ్ పెట్టాక కూడా ఒకరు ప్రేమగా డబ్బా నిండా పల్లీపట్టీ తెచ్చారు. వాళ్ళ ముందే పక్కన పెట్టడానికి నాకు ఎంత ఇబ్బందిగా అనిపించిందో!

మనకి చెయ్యి అలవాటుగా పోయే చోట్లే తప్పు జరుగుతుంది. చట్నీ అనగానే పల్లీలు వేయిస్తాం. జంతికల పిండిలో నువ్వులు వేసేస్తాం. ఇక్కడ 2023 నుంచి ప్యాకెట్ల మీద తప్పకుండా రాయాల్సిన అలెర్జీల్లో నువ్వులూ చేరాయి. అంటే వీళ్ళు దాన్ని అంత సీరియస్‌గా తీసుకున్నారు. అందుకని జంతికలు వాముతో నేనే చేస్తాను, చట్నీ పుట్నాలు, కొబ్బరితో. ఇంటి నుంచి ఎవరూ ఏమీ వండి తేవద్దు. పేపర్ ప్లేట్లు, జ్యూస్ తెండి చాలు.

మెనూ: బటన్ ఇడ్లీలకి నల్ల ఆలివ్ ముక్కలు కళ్ళుగా గుచ్చితే బుల్లి దయ్యాలు. పునుగుల మీద కెచప్ చుక్క పెడితే కనుగుడ్లు. పిజ్జా పెద్దవాళ్ళకి కూడా సరిపోయేలా ఆర్డర్ చేద్దాం. నాలుగేళ్ళ లోపు పిల్లల చేతికి గట్టి గుండ్రటి క్యాండీలు, కోయని ద్రాక్షపళ్ళు ఇవ్వొద్దు.

కొత్త వాలంటీర్:
వదినగారూ, మేము శాకాహారులం. క్యాండీలో ఏదైనా చూసుకోవాలా?

ఫుడ్ చూసే వదిన:
చూసుకోవాలండీ. గమ్మీలు, మార్ష్‌మెల్లోలు, క్యాండీ కార్న్‌లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువులది. అందుకే రిటర్న్ గిఫ్టుగా క్యాండీ మానేసి స్టిక్కర్లు, చీకట్లో మెరిసే గాజులు ఇద్దామనుకుంటున్నాను. గుమ్మంలో నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు గుమ్మడికాయ ఒకటి పెట్టండి. ఆ రంగు కాయ ఉందంటే ఇక్కడ తినేవి కాకుండా వేరేవి కూడా ఇస్తారని గుర్తు. అలెర్జీ పిల్లల అమ్మానాన్నలు దాన్ని వెతుక్కుంటూ వస్తారు.

హైస్కూల్ వాలంటీర్:
ఆంటీ, నేనూ మా ఫ్రెండ్సూ ముగ్గురం వస్తాం, స్కూల్లో చూపించడానికి వాలంటీర్ అవర్స్ సైన్ చేస్తారు కదా? స్కేరీ మాస్కులు వేసుకుని తలుపు వెనక నిలబడొచ్చా?

కోఆర్డినేటర్:
అవర్స్ ఇస్తాం కన్నా. మాస్కులు మాత్రం వద్దు. పోయినసారి మా ఆయన రబ్బరు మాస్క్ వేసుకుని గరాజ్ తలుపు తీశారు. మూడేళ్ళ పాప ఒకతి షూ ర్యాక్ పక్కన దూరి అరగంట బయటికి రాలేదు. ఆయన మాస్క్ తీసి చూపించినా నమ్మలేదు, ఇప్పటికీ ఆయన్ని చూస్తే వాళ్ళ నాన్న కాళ్ళ వెనక్కి వెళుతుంది. మీరు మొహానికి రంగులేసుకోండి, పిల్లలకీ మీరే వెయ్యండి. ముందు మోచేతి మీద చుక్క పెట్టి చూశాకే. దీపాలన్నీ బ్యాటరీవే, ఒక్క కొవ్వొత్తి కూడా వెలిగించొద్దు. పొడుగు గౌన్ల పిల్లలు చాలామంది ఉంటారు.

ఆటలు చూసే అన్న:
చివరి ఇరవై నిమిషాలు మా నాన్నగారికి ఇవ్వండి. లైట్లు తగ్గించి మర్రిచెట్టు దయ్యం కథ చెబుతారు. పాదాలు వెనక్కి తిరిగి ఉండే దయ్యం. తెలుగు అర్థంకాని పిల్లలకి కొత్త వాలంటీర్లు పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతారు. చిన్నవాళ్ళు భయపడితే ఆపేస్తానని మాటిచ్చారు. ఆయన మాట మీద నాకు సగమే నమ్మకం.

కోఆర్డినేటర్:
సరే, కథ ఐదుంబావుకల్లా అయిపోవాలి. తలకి ఎనిమిది డాలర్లు, 24వ తేదీ లోపల పేర్లు. పాతిక నిండగానే లిస్టు మూసేస్తాను, ఎవరి సిఫార్సులూ వద్దు. గుమ్మడికాయలు కొనేవాళ్ళు వంటకి పనికొచ్చే చిన్న కాయలు రెండు విడిగా తీసుకోండి. చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు పులుసుకి బాగుండవు, నీళ్ళూ పీచూ తప్ప రుచి ఉండదు.

హోస్ట్:
అక్కా, ఇంకో చిన్న మాట. అత్తయ్యగారు తనకి వేషం ఏమిటని అడుగుతున్నారు. కొనొద్దన్నారు. తెల్లచీర ఉందట, జుట్టు విరబోసుకుంటే సరిపోతుందట.