రంగుల ఇసుకా, ధారా, జీలకర్ర బెల్లమా?

మారతహళ్ళి పిల్ల: మాది ఒంగోలు, అబ్బాయి వాళ్ళది కర్ణాటకలోని మండ్య. పెళ్ళి బెంగళూరులోనే. వాళ్ళకి ముహూర్తమంటే ధార, మనకి జీలకర్ర బెల్లం. ఈ గొడవంతా ఎందుకు, శాండ్ సెర్మనీ పెట్టుకోండి అంటోంది ప్లానర్. చెరో రంగు ఇసుక ఒకే గాజు సీసాలో పోయాలట. ఏమంటారు?

బాపట్ల బాబాయ్: ఇసుకేంటమ్మా, ఇల్లు కడుతున్నారా? జీలకర్ర, బెల్లం కలిపి నూరాక విడదీయగలవా? ఆ ముద్ద ఒకరి తలమీద ఒకరు పెట్టి, తెర తీశాక ముఖాలు చూసుకోవాలి. పెళ్ళంటే అదీ. తాళి తర్వాతి సంగతి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు: కలిసిన ఇసుక మాత్రం ఎవరు విడదీస్తారు బాబాయ్?

బాపట్ల బాబాయ్: ఇసుక పక్కపక్కన ఉంటుందంతే. బెల్లం జీలకర్రని పట్టుకుంటుంది. ఇంట్లో ఆడవాళ్ళనడుగు.

రాగిముద్ద రమణి: తాళి తర్వాతి సంగతా? సరే, అది వదిలేయండి. నా పెళ్ళి మైసూరులో అయింది. "మాకు అలవాటు లేదు" అని జీలకర్ర బెల్లం తీయించేశారు. నాన్న ఊరి నుంచి తెచ్చిన ముద్ద డబ్బాలోనే వెనక్కి వెళ్ళింది. పదకొండేళ్ళయినా ఆ డబ్బా నా కళ్ళముందే ఉంది. ఒప్పుకోకు పిల్లా.

సిల్క్‌బోర్డ్ బాధితుడు: 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారం పాటించినా చాలు. అందులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తి. ఒట్టి ఇసుకతో మాత్రం కుదరదు.

బాపట్ల బాబాయ్: చట్టం ఎవరడిగారయ్యా! ధారకి ఒప్పుకుంటే మన పద్ధతి పోయినట్టే.

మండ్య అల్లుడు: ధారంటే ఏమనుకున్నారు సార్? వధూవరుల చేతులు కలిపి అమ్మాయి తల్లిదండ్రులు నీళ్ళు వదలడం. మన కన్యాదానంలో వదిలేవి నీళ్ళు కావా?

మారతహళ్ళి పిల్ల: ఆగండి. నాన్న పోయి నాలుగేళ్ళు. ధారైనా, కన్యాదానమైనా బాబాయి, పిన్ని చేస్తారట. అమ్మ పీటల మీదికి రాకూడదట. ఈ మాటన్నది మండ్య వాళ్ళు కాదు, మా వాళ్ళే. ఇసుకైతే ఒక గిన్నె అమ్మ చేతికివ్వొచ్చు, అడ్డం చెప్పడానికి శాస్త్రం లేదు. అందుకే అడిగా.

రాగిముద్ద రమణి: ముందే చెప్పొద్దా తల్లీ! జీలకర్ర బెల్లం అమ్మ చేతే నూరించు.

బాపట్ల బాబాయ్: నూరడానికి ఎవరొద్దన్నారు? పీటల దగ్గర మాత్రం పెద్దలు చెప్పినట్టు...

మారతహళ్ళి పిల్ల: మా బాబాయి కూడా సరిగ్గా ఇక్కడే ఆగాడండీ.

బాపట్ల బాబాయ్: నేను జీలకర్ర గురించే మాట్లాడుతున్నానమ్మా.