ఇంటి లెక్కలు ఆయన చేతికి ఇవ్వాలా, వద్దా?

మా ఆయనకు 41 ఏళ్లు. 8 నెలల క్రితం బైక్ యాక్సిడెంట్‌లో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది, వీల్‌చెయిర్‌లోనే ఉంటున్నారు. మొదటి 5 నెలలు ధైర్యంగానే ఉన్నారు. ఇల్లు కట్టుకుందామని దాచిన ఎఫ్‌డీ తీసేసిన వారం నుంచే నిద్ర కరువైంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఫోన్ వెలుతురులో పాస్‌బుక్ వెనక అట్ట మీద తీసివేతలు వేస్తుంటారు, అన్నం సగంలో వదిలేస్తున్నారు.

డాక్టరు రాసిన డిప్రెషన్ మందు సెర్ట్రాలిన్ 50 ఎంజీ 7 వారాలుగా వాడుతున్నారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి రెండుసార్లు మాట్లాడించాను, ఏపీ వికలాంగుల పింఛను నెలకు 15,000 కూడా వస్తోంది. అయినా "నేను మీకు ఖర్చు" అనే మాట మానడం లేదు. చనిపోవాలన్న ఆలోచన లేదంటున్నారు, రోజూ అడుగుతూనే ఉన్నాను. పోయిన నెల లెక్కలు కనబడకుండా దాచి చూశాను, టెన్షన్ ఇంకా పెరిగింది.

ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు చెప్పండి: ఇంటి జమాఖర్చులన్నీ ఆయనకే అప్పగిస్తే మనసు కుదుటపడుతుందా, ఇంకా కుంగిపోతారా?