మా బడి పిల్లలు తెచ్చిన రాళ్లు ఏ రకమో కొంచెం గుర్తుపట్టి చెప్పండి

చీపురుపల్లి టీచర్:

అందరికీ నమస్కారం. చీపురుపల్లి దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. అగ్ని శిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు పాఠం అయ్యాక, మీ ఊళ్లో దొరికే రాళ్లు పట్టుకురండర్రా అన్నాను. మర్నాటికి బల్ల నిండిపోయింది. వాటికి పేర్లు రాసి సైన్స్ ఫెయిర్‌లో పెట్టాలని పిల్లలకి ఒకటే హుషారు. నాలుగు రాళ్ల దగ్గర నాకు తెలియక ఆగాను.

ఒకటి నల్లది. పిడికిలంతే గానీ మోస్తే చెయ్యి లాగేస్తోంది, వేళ్లకి మసి అంటుతోంది. తెచ్చిన కుర్రాడు ఉల్క అని పట్టుబట్టి కూర్చున్నాడు. రెండోది కొండ వాలులో దొరికింది. పైన తుప్పు రంగు, మధ్యమధ్య తెల్ల సుద్ద, ఎర్ర చుక్కలు. మూడోది మెట్ట పొలంలో దొరికిన తెల్ల రాయి. నాలుగోది క్రషర్ దగ్గర ఏరిన నల్ల రాయి, కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉంది. వీటిని ఏ రకం కింద రాయాలి? ఇంతమంది పిల్లలు వెతికినా ఇసుకరాయి ఒక్కటీ దొరకలేదు, ఎందుకని?

గరివిడి అబ్బాయి:

మేడం, ఆ మొదటిది మాంగనీసు ముడిరాయి. మాది గరివిడే, చిన్నప్పట్నుంచీ ఆ మసి చేతులకి అంటించుకుని పెరిగినవాళ్లం. బాత్‌రూమ్ టైలు ముక్క ఒకటి తిరగేసి, నునుపు లేని వైపు రాయితో గట్టిగా గీయండి. నల్ల గీత పడి, వేలితో రాస్తే మసిలా వస్తే అదే. గీత ఎర్రమట్టి రంగులో పడితే ఇనుప ఖనిజం. అయస్కాంతం మీద మాత్రం ఆధారపడకండి. ఉల్కల్లో చాలా వాటికి అయస్కాంతం పట్టే మాట నిజమే గానీ, మా వైపు కొన్ని మాంగనీసు రాళ్లకీ పడుతుంది. ఉల్క అయితే పైన పలచటి నల్ల పొర ఉంటుంది, పగలగొడితే లోపల వేరే రంగు కనబడుతుంది, చేతికి మసి రాదు.

ఆ కుర్రాణ్ణి చిన్నబుచ్చకండి. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1892లో, మన కోడూరు గనిలో. అక్కడి ఒక రాయికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడూరైట్ అని ఊరి పేరే పెట్టారు. ఈ సంగతి కూడా అట్ట మీద రాయించండి.

టెక్కలి క్వారీ మేస్త్రి:

టీచరమ్మ గారూ, ముందు ఆ రాళ్లని పగలగొట్టించండి. గోనెగుడ్డలో చుట్టి, కళ్లకి అద్దాలు పెట్టుకుని, పెద్దవాళ్లెవరైనా సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. ఎండకి వానకి నానిన పైచర్మం చూసి రాయి పేరు చెప్పడం కుదరదు. మా క్వారీలో బ్లాకు ధర కట్టేముందు ఒక మూల చెక్కి లోపలి ముఖం చూస్తాం. నా జీవితం అంతా ఆ ముఖాలు చూడ్డంలోనే గడిచింది, అంచేత కొంచెం ఎక్కువ రాస్తున్నాను, ఏమనుకోకండి.

మీ రెండోది ఖోండలైటు. పగిలిన ముఖం మీద నీళ్లు చల్లి ఎండలో తిప్పి చూడండి. దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లు కనబడతాయి. వాటి పక్కన సన్నటి తెల్ల పీచులాంటిది ఉంటే సిల్లిమనైట్. బూడిదరంగు రేకులు కాగితం మీద పెన్సిల్ లాగ రాస్తే గ్రాఫైటు. ఈ రాయి ఒకప్పుడు మామూలు బంకమట్టమ్మా. నీళ్ల అడుగున పేరుకున్న మట్టి, కొండలు పుట్టే ఒత్తిడిలో పాతిక కిలోమీటర్ల లోతుకి దిగిపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికింది. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. బంకమట్టిలో అల్యూమినియం ఎక్కువ కాబట్టే గార్నెట్టూ సిల్లిమనైటూ కట్టాయి. ఆ మట్టిలో కలిసిన జీవపదార్థం గ్రాఫైటు అయింది. మీరు చూసిన తుప్పు గార్నెట్లోని ఇనుముది, తెల్ల సుద్ద ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్లి వచ్చింది. కోణార్క్ గుడి కట్టింది ఈ రాయితోనే, సముద్రపు గాలికి శిల్పాలు అరిగిపోతున్నదీ ఇది మెత్తబడిపోయే రాయి కావడంవల్లే.

నాలుగోది చార్నొకైటు అయ్యుంటుంది. కొత్తగా పగిలిన ముఖం నూనె రాసినట్టు ముదురు ఆకుపచ్చగా ఉంటుంది, పాతబడితే పైన గోధుమరంగు పెచ్చు కడుతుంది. ఇదీ ఆ లోతుల్లోదే. అక్కడ నీరు దాదాపు లేని వేడిలో తయారైంది కాబట్టి అభ్రకం బదులు హైపర్‌స్థీన్ అనే ఖనిజం పుట్టింది. కొన్ని చోట్ల ముందు అగ్ని శిలగా గడ్డకట్టి, తర్వాత మళ్లీ ఉడికి ఇలా మారినవీ ఉన్నాయి. ఖోండలైటు, చార్నొకైటు రెండింటికీ రూపాంతర శిల అనే రాయండి.

మూడోది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. పాత గాజు ముక్క మీద గీస్తే గీత పడాలి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కిస్తే దీనిది 7 కాబట్టి చాకుతో మీరు దాన్ని గీస్తే దాని మీద ఉక్కు రంగే మిగులుతుంది. చీకటిగదిలో రెండు పలుగురాళ్లు గట్టిగా రుద్దితే లోపల మసకగా వెలుగు వస్తుంది, పిల్లలకి తప్పకుండా చూపించండి.

ఇంకొక్కటి. షాపులో గ్రానైట్ అని అమ్మేవన్నీ గ్రానైట్ అనుకోవద్దు. పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా మా వ్యాపారంలో గ్రానైటే. మా టెక్కలి నీలంరాయి కూడా ఉడికి చారలు తీరిన రాయే. అసలు గ్రానైట్ కరిగిన రాయి భూమి లోపల నెమ్మదిగా చల్లారితే వచ్చేది, అందులో పలుకులు ఏ వరసా లేకుండా కలిసి ఉంటాయి. పలుకులు ఒకే దిక్కుకి సాగి చారలుగా ఉంటే అది నొక్కుడు పడ్డదన్నమాట.

చీపురుపల్లి టీచర్:

మీ అందరికీ చాలా థాంక్స్. టైలు మీద నల్ల గీతే పడింది. ఉల్క కాదని కుర్రాడు కాసేపు దిగాలు పడ్డాడు గానీ, కోడూరు మాట చెప్పాక తానే అట్ట రాస్తానన్నాడు. ఖోండలైటు పగలగొడితే ఒక గార్నెట్టు చిటికెన వేలి గోరంత ఉంది! ఇసుకరాయి సంగతి మాత్రం మిగిలింది.

కళింగపట్నం నుంచి:

మన కొండల మీద ఒకప్పుడు ఏ పొరలున్నా ఎప్పుడో కొట్టుకుపోయాయి మేడం. లోతులో ఉడికిన రాళ్లు ఇప్పుడు పైన కనబడుతున్నాయంటేనే వాటి మీదున్న కిలోమీటర్ల మందం అరిగిపోయినట్టు. ఆ అరుగుదల ఇంకా నడుస్తోంది. వంశధార, నాగావళి మోసుకొచ్చిన ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్టు, సిల్లిమనైటు, మోనజైటు అనే బరువైన ఖనిజాలు మా తీరంలో నల్ల ఎర్ర చారలుగా కనబడతాయి. అల తేలికైన తెల్ల ఇసుకని వెనక్కి లాక్కుపోయి బరువైన గింజల్ని వదిలేస్తుంది. పిల్లల్ని ఒకసారి తీసుకురండి, అవక్షేపం ఎలా విడిపడి పేరుకుంటుందో కళ్లారా చూస్తారు.

అవక్షేప శిల నమూనా కావాలంటే ఇల్లు కడుతున్న చోట పారేసిన కడప బండ ముక్క ఒకటి అడగండి. అది పాత సముద్రంలో పేరుకున్న సున్నపురాయి. మేకుతో గీసి, రాలిన పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు వస్తాయి. మీ పలుగురాయి మీద పిండితే రావు. పాలిష్ చేసిన గచ్చు మీద మాత్రం పిల్లల్ని చెయ్యనివ్వకండి, మచ్చ పడితే పోదు.