బస్తీలో బొమ్మలు వేయించడానికి బీఎఫ్ఏ చదవాలా?

ప్రశ్న, హైదరాబాద్ నుంచి: మా చెల్లి ఇంటర్ అయిపోయింది. ఇక్కడి లలితకళల యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్ఏ పెయింటింగ్, అంటే చిత్రకళలో డిగ్రీ, చదువుతానంటోంది. గ్యాలరీల కోసం కాదట, బస్తీ పిల్లలతో, వృద్ధాశ్రమాల్లో బొమ్మలు వేయించడానికట. "దానికి నాలుగేళ్లు చదవాలా?" అంటారు నాన్న. ఇంట్లో రోజూ టెన్షనే. మీరేమంటారు?

బస్తీ వాలంటీర్: అక్కర్లేదండీ. నేను ప్రతి ఆదివారం పిల్లలకు రంగులు పంచి కూర్చోబెడతాను, హాయిగా వేసుకుంటారు. మా అమ్మ చుక్కల ముగ్గు ఏ కాలేజీలో నేర్చుకుంది? సంక్రాంతికి మా వీధి ఆడవాళ్లంతా వాకిళ్లలోకి వచ్చి ముగ్గుల దగ్గరే కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఆ ఫీజుతో రంగులు కొనమనండి.

సిద్దిపేట డ్రాయింగ్ మాస్టారు: ముగ్గు సంగతి నిజమే. కానీ అది ఎవరి వాకిట్లో వాళ్లు వేసుకునేది. పరాయి వాకిట్లో వేయాలంటే చదువు కావాలి. దెబ్బ తిని చెబుతున్నాను. పన్నెండేళ్ల కింద మేం నలుగురం ఒక బస్తీలో గోడలకు బొమ్మలు వేశాం. చెమ్మ చూడలేదు, పాత సున్నం గీకలేదు. మొదటి వానలకే పెచ్చులు లేచాయి. అంతకంటే బాధపెట్టింది ఒక పెద్దమ్మ మాట. తన గోడ ముందు నిలబడి "ఇది ఎవరి ముఖం బిడ్డా?" అంది. వేసేముందు ఆమెను మేం ఒక్క మాటా అడగలేదు.

మా జిల్లాలోనే చేర్యాల పటాలున్నాయి, నకాషీలనే చిత్రకారులు గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసేవి. కథ చెప్పేవాళ్లు వచ్చి, ఏ ఘట్టం ఎక్కడ రావాలో చెప్పి వేయించుకునేవారు. అలాంటి కథకులైన కూనపులివారి పటంలో పద్మశాలీల మార్కండేయ పురాణం ఉంటుంది. డక్కలివారనే కథకులు మాదిగవాడల్లో జాంబపురాణం చెబుతారు. ఊరు వెలివేసినట్టు చూసిన ఆ మాదిగలు, భూమికన్నా ముందు పుట్టిన జాంబవంతుడు తమ మూలపురుషుడని ఎర్రటి పటం మీద చూస్తూ వింటారు. జనానికి బొమ్మ చేసే మేలంటే నా దృష్టిలో ఇదే. ఎవరి కథ వేస్తున్నామో తెలియకపోతే అది రాదు.

ఇంకొకటి, బొమ్మలు వేయించడం వేరు, బొమ్మలతో మనసుకు చికిత్స చేసే ఆర్ట్ థెరపీ వేరు, దానికి శిక్షణ కూడా వేరే. పిల్లవాడు ఇంటికి నల్లరంగు వేశాడని వాడి మనసులో ఏదో ఉందని మనం తేల్చేయకూడదు.

బస్తీ వాలంటీర్: మాస్టారూ, నకాషీలు ఇంట్లోనే నేర్చుకున్నారు కదా!

డ్రాయింగ్ మాస్టారు: అవును తమ్ముడూ. చిన్నప్పటి నుంచి చింతగింజల జిగురు, సుద్ద కలిపి గుడ్డకు పూస్తూ, పటం వేయించుకునేవాళ్ల మాట వింటూ ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. అదీ చదువే. ఈ అమ్మాయికి ఇంట్లో అలాంటి పెద్దలు లేరు, అందుకే కాలేజీ అంటున్నాను. క్లాసులో కూర్చుంటే బస్తీ తెలియదన్నదీ నిజమే. సెలవుల్లో మీతో తీసుకెళ్తారా?

బస్తీ వాలంటీర్: తప్పకుండా రమ్మనండి. మొదటి రెండు ఆదివారాలు మాత్రం బ్రష్ పట్టనివ్వను. ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏ బొమ్మ కావాలో అడిగి రావాలి. ఈసారి నేనూ వెంట తిరుగుతాను.