పన్ను రంగు సిమెంటుకు టీ మరక: పాలిష్ చాలునా, తీయించాలా?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

నమస్కారమండీ. మా సొంతూరు కనిగిరి దగ్గర. చిన్నప్పుడు బోరు నీళ్ళే తాగి పెరిగినందువల్ల మా ఊళ్ళో చాలామందివిలాగే నావీ గారపళ్ళు, అంటే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మచ్చలు పడ్డ పళ్ళు. ఉద్యోగంలో చేరాక ధైర్యం చేసి పై ముందుపళ్ళు రెండింటికీ పన్ను రంగు సిమెంటు వేయించుకున్నాను. కొత్తలో ఏది పన్నో, ఏది సిమెంటో నాకే తెలిసేది కాదు. 8 నెలలు తిరిగేసరికి సిమెంటు మొత్తం పసుపు రంగుకు తిరిగింది. అదీ కాక ఒక పన్నుకు చిగురు వైపు అంచున, టీ గ్లాసు లోపల మిగిలే చారలాంటి సన్నని గోధుమ గీత కనిపిస్తోంది. పొద్దున ఫిల్టరు కాఫీ, ఆఫీసులో మూడు టీలు నా అలవాటు. పళ్ళను తెల్లబరిచే పేస్టు రెండు నెలలు వాడినా ఫలితం లేదు. సిమెంటు తీయించి మళ్ళీ వేయించుకోవాలా, టీ కాఫీలు మానేస్తే చాలునా?

జవాబు (నెల్లూరు, దంతవైద్యుడిని)

తీయించడానికి తొందరపడకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు మరకలు.

మీకు వేసిన పన్ను రంగు సిమెంటును కాంపోజిట్ అంటాం. దానిలో సన్నని గాజు పొడి, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్‌లాంటి రెజిన్ ఉంటాయి. రెజిన్ నోటి తడిని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, ఆ తడితోపాటే కాఫీలోని పసుపు రంగు లోపలికి దిగుతుంది. టీ రంగు ఎక్కువగా పైపైనే అతుక్కుంటుంది కనుక బ్రష్షుకు, పాలిష్‌కు చాలావరకు వదులుతుంది. కూల్‌డ్రింక్ ఎంత నల్లగా ఉన్నా కాఫీ అంత మరక చేయదు, కానీ దానిలోని ఆమ్లం రెజిన్ పైపొరను మెత్తబరుస్తుంది. రోజూ పసుపు పాలు తాగే అలవాటుంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

అయితే ఏం తాగారన్నదాని కన్నా ముందు సిమెంటు పైభాగం ఎంత నున్నగా ఉందో చూడాలి. నీలి లైటు వేసి గట్టిపరిచినప్పుడు గాలి తగిలిన పైపొర పూర్తిగా గట్టిపడక జిగటగా మిగులుతుంది. దాన్ని పాలిష్‌లో తీసేయకపోతే రంగు ఇట్టే పట్టేస్తుంది. లైటు ఆపాక కూడా సిమెంటు సుమారు 24 గంటలపాటు గట్టిపడుతూనే ఉంటుంది కాబట్టి మొదటి రోజు టీ కాఫీలు వద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

అంచు గీత సంగతి వేరు. గట్టిపడేటప్పుడు రెజిన్ సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. అప్పుడు పన్నుకూ సిమెంటుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడితే అందులోకి టీ చేరుతుంది. పైగా, అంటించే ముందు పన్ను మీద రాసే యాసిడ్‌కు గారపన్ను సులువుగా లొంగదు కనుక అక్కడ పట్టు కుదరడం కష్టం. ఆ గీతను తప్పకుండా పరీక్ష చేయించండి. తెల్లబరిచే పేస్టు సిమెంటు రంగును మార్చలేదు, గరుకు రకమైతే గీతలు కూడా పెడుతుంది, మానేయండి.

జవాబు (పొదిలి నుంచి)

డాక్టరు గారు చెప్పినది నా విషయంలో అక్షరాలా నిజమైంది. ఇలాంటి పసుపుకే నేను కంగారుపడి సిమెంటు మొత్తం తీయించాను. దాంతోపాటు మంచి పన్ను కూడా కొంత అరిగిపోయి, ఇప్పటికీ చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లోనే, ఇక్కడి నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు గురించి వైద్యులు రాశారు. తరాలుగా దెబ్బతింటూ వచ్చిన పళ్ళు మనవి, మిగిలిన పన్నును అనవసరంగా పోగొట్టుకోకండి. నేను టీ మానలేదు గానీ, గంటసేపు గుక్కగుక్కగా తాగడం మానేశాను. తాగగానే నీళ్ళతో పుక్కిలిస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. శనివారం వెళ్ళి పాలిష్ చేయించుకున్నాను. పసుపు చాలావరకు పోయింది, నాలుకతో తడిమితే ఇదివరకటి గరుకుదనం లేదు. గీత మాత్రం అలాగే ఉంది. సన్నని పరికరం కొన అక్కడ తట్టుకుంటోందనీ, ఆ అంచు వరకే తీసి కొత్త సిమెంటు పెడితే సరిపోతుందనీ డాక్టరు చెప్పారు. వచ్చే వారం రమ్మన్నారు.