బార్సిలోనాలో గ్రాసియా పేట: అమ్మతో ఆగస్టులో వెళ్తే బాగుంటుందా?

హొరమావు_హారిక:
అందరికీ నమస్తే. ఆఫీసు పని మీద ఆగస్టు రెండో వారంలో బార్సిలోనా వెళ్తున్నాను. పదిహేనో తారీఖు సెలవుకి ఇంకొన్ని లీవులు కలిపి, అమ్మని కూడా రప్పించుకుని అక్కడే ఉందామని ప్లాన్. అమ్మది ఒంగోలు, రిటైర్డ్ టీచర్. శుద్ధ శాకాహారం, గుడ్డు కూడా ముట్టదు. ఎంత దూరమైనా నడుస్తుంది కానీ ఎత్తు ఎక్కమంటే మొహం మాడ్చుకుంటుంది. సగ్రాదా ఫమీలియా (గౌడి కట్టిన ఆ పెద్ద చర్చి) టికెట్లు తీసేశాను. మా టీంలో ఒకతను "హోటల్ దండగ, గ్రాసియాలో ఫ్లాట్ తీసుకోండి, ఆర్టిస్టుల పేట, బోహీమియన్ వాతావరణం" అని ఊరిస్తున్నాడు. అక్కడ నిజంగా చూడ్డానికేముంది? అమ్మకి విసుగు పుడుతుందా? రాత్రిళ్ళు ఎలా ఉంటుంది? అక్కడ ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి, ట్రావెల్ వీడియోలు చూసీ చూసీ తల తిరుగుతోంది.

జేపీనగర్_వేణు:
హారిక గారూ, మాస్టర్స్ చేసేటప్పుడు గ్రాసియాలోనే, ప్లాసా దెల్ సోల్ (ప్లాసా అంటే చౌకు) వెనక సందులో ఉండేవాణ్ణి. కాబట్టి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది, తీసేసి చదువుకోండి.

మీ తేదీలు ఎవరైనా చూసి చెప్పారో లేదో గానీ, సరిగ్గా అప్పుడే గ్రాసియా జాతర. ఫెస్తా మజోర్ అంటారు. ఆగస్టు 15న మొదలై వారం రోజులు నడుస్తుంది. వీధివాళ్ళే కమిటీగా కూడి, నెలల తరబడి ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు, పాత గుడ్డలు పోగేసి, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తల మీద కప్పులా అలంకరిస్తారు. ఒక వీధిలోకి అడుగుపెడితే సముద్రం అడుగున ఉంటారు, పక్క మలుపు తిరిగితే అడవిలో తేలతారు. ఎవరిది బాగుందో పోటీ కూడా. వినాయకచవితి పందిళ్ళ దగ్గర "మీ వీధి కంటే మా వీధిది పెద్దది" అనే పంతాలు చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. 2017లో ఈ జాతరకి 200 ఏళ్ళు నిండాయి. మనిషి మీద మనిషి నిలబడి గోపురం కట్టే కాస్తెల్స్ కూడా ఉంటాయి. గ్రాసియా జట్టుది నీలం చొక్కా. పైన ఎక్కేది చిన్న పిల్లలు. మీ అమ్మగారు కళ్ళు మూసుకుంటారు, అయినా వేళ్ళ సందుల్లోంచి చూస్తారు.

వెళ్తే పొద్దున పదకొండుకల్లా వెళ్ళండి. సాయంత్రం ఏడు దాటాక వెర్ది వీధిలో మనం నడవం, జనమే మనల్ని నడిపిస్తారు.

ఈ పట్టుదల అంతా ఎక్కడిదంటే, గ్రాసియా 1897 దాకా విడి ఊరు. తర్వాత బార్సిలోనాలో కలిపేశారు. మా ఓనరమ్మ నగరం నడిబొడ్డున ఉన్న ప్లాసా కాతలున్యాకి బయల్దేరినా "బార్సిలోనా దాకా వెళ్ళొస్తా" అనేది, అది మెట్రోలో నాలుగు అడుగుల దూరం! మ్యాపులో చూడండి, కింద ఎషాంప్ల పేట అంతా గళ్ళకాగితంలా ఉంటుంది, డయాగొనల్ రోడ్డు దాటగానే వీధులు సన్నబడి, మధ్యమధ్యలో చిన్న చౌకులు వస్తాయి. ప్లాసా దె లా విలాలో 33 మీటర్ల గడియారం గోపురం ఉంది. 1870లో బలవంతంగా సైన్యంలోకి లాగుతున్నారని ఊరు తిరగబడితే, సైన్యం ఫిరంగులు పేలుస్తున్నా దాని గంట మోగుతూనే ఉందట. ఆ గోపురం డిజైన్ చేసినాయన అంతోని రొవీరా ఇ త్రియాస్. 1859లో బార్సిలోనా విస్తరణ ప్లానుకి పోటీ పెడితే గెలిచింది ఈయనే, కానీ మాడ్రిడ్ ప్రభుత్వం వాళ్ళు సెర్దా అనే ఇంజనీర్ ప్లాన్‌ని రుద్దారు. ఆయన పేరుతోనే ఉన్న చౌకులో బెంచీ మీద కూర్చున్న కంచు విగ్రహం ఉంటుంది. గెలిచి కూడా కట్టనివ్వని ఆ ప్లాను కాళ్ళ దగ్గరే నేల మీద పరిచి ఉంటుంది. ఊళ్ళో నాకు ఎక్కువ నచ్చిన విగ్రహం అదే. పక్కన కూర్చోవచ్చు, ఏమీ అనరు.

టీచరమ్మకి ఇంకోటి కూడా నచ్చుతుంది. కాసా విసెన్స్, గౌడి కట్టిన మొట్టమొదటి ఇల్లు, 1883లో మొదలైంది. గోడల మీద టైల్స్ నిండా బంతిపూలే! ఆ స్థలంలో పూస్తున్న పూలని చూసి వేయించాడట. ఇనప గేటు మీద తాటాకుల్లాంటి ఆకులు. లోపలికి టికెట్ ఉంటుంది, గేటు బయట నుంచి చూసినా చాలావరకు తృప్తిగానే ఉంటుంది. ఆకుపచ్చ లైన్ మెట్రోలో ఫొంతానా స్టేషన్లో దిగితే దగ్గరే.

రాత్రి బస మాత్రం అక్కడ వద్దు. జాతర రోజుల్లో వీధివీధికీ పాటల స్టేజీ, అర్ధరాత్రి దాటాక కూడా మోత. మామూలు రోజుల్లో కూడా ప్లాసా దెల్ సోల్‌లో కుర్రాళ్ళు బీరు డబ్బాలతో నేల మీదే చతికిలపడతారు, ఆ గోల నాలుగో అంతస్తు దాకా వస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు విసిగిపోయి, బాల్కనీల్లో సెన్సర్లు పెట్టి మరీ శబ్దాన్ని కొలిచారు.

కేఆర్‌పురం_కిరణ్:
వేణు గారు ఏమీ అనుకోవద్దు గానీ, గ్రాసియాలో బోహీమియా అనేది పాతకాలపు మాట. నేను చూసినప్పుడు ఆర్టిస్టులకంటే లాప్‌టాప్‌లే ఎక్కువ కనిపించాయి. ఆ అద్దెలకి ఏ చిత్రకారుడు ఉంటాడు? రంగుల చేతులు చూడాలంటే పొబ్లెనోవుకి వెళ్ళండి. ఒకప్పుడు బట్టల మిల్లుల పేట. మూతపడిన ఫ్యాక్టరీల్లో హంగార్, లా ఎస్కొసెసా లాంటి చోట్ల ఆర్టిస్టులు నిజంగానే పని చేసుకుంటారు. నేల చదును, సముద్రం పక్కనే. అమ్మగారి మోకాళ్ళకి హాయి.

మైలాపూర్_సుబ్బలక్ష్మి:
హారికా, నేను మీ అమ్మగారి ఈడుదాన్నే, మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి అక్కడ వేసవి గడిపాను. చెన్నై ప్రాణం కాబట్టి ఆ ఉక్క నన్నేమీ చేయలేదు, మీ బెంగళూరు వాళ్ళు జాగ్రత్త.

తిండి సంగతి చెప్తాను. బోర్డు మీద "వెజెతాల్" అని రాసిన శాండ్‌విచ్ చూసి సంబరపడొద్దు, అందులో ట్యూనా చేప, గుడ్డు పెడతారు. పాలకూరలో కిస్‌మిస్, పైన్ గింజలు వేసి వేయిస్తారు, చాలా బాగుంటుంది, కానీ కొందరు పంది మాంసం ముక్కలు కలుపుతారు, ముందే అడగాలి. ఎస్కలివాదా అని వంకాయ, క్యాప్సికం నిప్పుల మీద కాల్చి నూనెలో ఇస్తారు. చింతపండు లేదన్న మాటే గానీ అన్నంలో కలుపుకోవాలనిపిస్తుంది. దాని మీద చిన్న చేపలు పరవకుండా చూసుకో. టమాటా రుద్దిన రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. తెల్లటి సాస్ ఏది కనపడినా గుడ్డు ఉందనే అనుకో. మూడున్నర దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నరకే, అందుకని అమ్మ సంచీలో మురుకులు ఉండాలి.

నెయ్యి సీసా, పాలకోవా, కరివేపాకు మాత్రం సర్దొద్దు. పాల వస్తువులు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు, ఆకులకి సర్టిఫికెట్ గొడవ. శ్రావణ శుక్రవారం పూజ అక్కడే అయితే కొబ్బరికాయ, అరటిపళ్ళు తీసుకెళ్ళొచ్చు, అవి మినహాయింపుల్లో ఉన్నాయి. పప్పులు, బియ్యం రావల్ పేటలో పాకిస్తానీ కొట్లలో దొరుకుతాయి. ఆ కొట్టబ్బాయిలు మా ఆయనతో హిందీలో కబుర్లు పెట్టేవాళ్ళు.

హొరమావు_హారిక:
సుబ్బలక్ష్మి గారూ, మురుకుల మాట అమ్మకి చదివి వినిపిస్తే పిండి పట్టించడానికి అప్పుడే బయల్దేరింది! వేణు గారూ, ఫ్లాట్ కాదంటే మరెక్కడ? కొండ మీది గౌడి పార్కు, పార్క్ గ్వెల్‌కి గ్రాసియా నుంచి చిన్న బస్సు ఉందట కదా, ఎత్తు ఎక్కే పని తప్పుతుందని అనుకున్నాను.

జేపీనగర్_వేణు:
కిరణ్ గారు అద్దెల గురించి అన్నది నిజమే. నేనున్న గది అద్దెకి ఇప్పుడు మంచం కూడా రాదు. కానీ పొబ్లెనోవులో ఆ స్టూడియోలు చాలా రోజులు తలుపులు వేసుకునే ఉంటాయి, ముందే కనుక్కుని వెళ్ళాలి. గ్రాసియా చౌకుకి ఎవరినీ అడగక్కర్లేదు.

ఫ్లాట్ సంగతి: టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 10,101 ఉన్నాయి, 2028 నవంబరు తర్వాత ఏదీ రెన్యూ చేయమని నగర పాలకులు 2024లో ప్రకటించారు. అద్దెలు పెరిగి తాము ఊరు వదలాల్సి వస్తోందని జనం కోపం. ఆ కోపంలో న్యాయం ఉందనే నేనంటాను. డయాగొనల్‌కి ఇవతల, ఎషాంప్లలో హోటల్ తీసుకోండి. గ్రాసియాకి నడిచే వెళ్ళొచ్చు, రాత్రి నిద్ర కూడా పడుతుంది.

మీరు విన్న చిన్న బస్సు 116 అనుకుంటా. టూరిస్టులే నిండిపోయి, మార్కెట్ సంచులతో వచ్చే ముసలివాళ్ళకి చోటు లేక, 2024లో దాన్ని గూగుల్ మ్యాప్స్ నుంచే తీయించేశారు. దాని జోలికి పోకండి. ఆకుపచ్చ లైన్‌లోనే వల్కార్కా స్టేషన్లో దిగితే బయట వీధిలో ఎస్కలేటర్లు ఉన్నాయి, కొండ చాలా దూరం అవే ఎక్కిస్తాయి. మధ్యలో కొన్ని మెట్లు తప్పవు. పార్కు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, టైం స్లాట్ ఉంటుంది.

మెట్రోకి టీ-కాజువల్ కార్డు ఒక మనిషికే, ఇద్దరికీ కలిపి వాడలేరు. టీ-ఫమిలియార్ తీసుకుంటే ఎనిమిది ప్రయాణాలు, ఇద్దరూ పంచుకోవచ్చు. ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లకి మాత్రం రెండూ చెల్లవు. హ్యాండ్‌బ్యాగ్ ముందుకి వేసుకోండి, ఆ ఆకుపచ్చ లైన్లో జేబుదొంగలు మహా నేర్పరులు.